అవ్వ ఎదురొచ్చిన పొద్దు

మొన్న శనివారం మా ఊరి బడి పెద్ద టీచరమ్మ నన్ను వెతుక్కుంటూ రేడియో స్టేషనుకు వచ్చింది. స్టేషను అంటే మేడలూ మిద్దెలూ ఊహించుకోవద్దు. తుఫాను షెల్టరు పక్కన రెండు గదులు, ఒకదాంట్లో గోడలకు మెత్తటి పట్టాలు బిగించి మధ్యలో మైకు పెట్టారు, అంతే. చుట్టుపక్కల నాలుగైదు జాలరి పాళేలకు వినిపించే చిన్న రేడియో అది. ఆదివారం తప్ప రోజూ పొద్దున ఏడింటికి అక్కడ కూర్చొని నేను ఊరి వార్తలు చెబుతాను. ఎవరి పడవకు ఇంజను చెడింది, ఏ వీధిలో కుళాయి రావడం లేదు, ఏ రొయ్యల గుంట ఉప్పునీళ్ళు ఎవరి కయ్యలోకి పోయి వరి మాడ్చాయి, ఇవే నా వార్తలు. అందరూ రేడియో అవ్వ అంటారు. నాలుగో తరగతి మధ్యలో ఆగిపోయిన చదువు నాది. రాసిచ్చిన కాగితం చదవమంటే తడబడతాను గానీ, తెలిసిన సంగతి చెప్పమంటే తడబడను. మంచి కాగితం దండగ చేయడం గిట్టదు కాబట్టి పేర్లు మాత్రం పాత శుభలేఖల వెనక రాసుకుంటాను.

టీచరమ్మ కూర్చోలేదు. చేతిసంచి రెండు చేతులతో పట్టుకొని నిలబడే అడిగింది.

“అవ్వా, మన బడి సంగతి మీ చెవిన పడిందంట గదా.”

“పడింది.”

“రేడియోలో చెప్పబాకండి. మీకు దండం పెడతా.”

సంగతి ఏమిటంటే, మా బడిలో పిల్లలు తగ్గిపోయారు. ఈ జూన్‌లో కొత్తగా ఎవరూ చేరకపోతే కాలువ అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. ఈ మాట బయటికి పొక్కితే ఉన్న పిల్లలను కూడా తల్లులు రోడ్డు మీది ప్రైవేటు బడికి, ఆ పచ్చ బస్సుకు అప్పగిస్తారని ఆమె భయం. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మునిగే పడవలో ఎవరూ కూర్చోరు. “చెప్పకుండా దాస్తే మాత్రం బడి నిలబడద్దా?” అన్నాను. “ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటానవ్వా. రొంత టయిమన్నా దొరకద్ది,” అంది. గడప దాటబోతూ ఆగి, నెమ్మదిగా, “మీ హాసిని కూడా బస్సులోనే పోతా ఉండాది గదా,” అని వెళ్ళిపోయింది. హాసిని నా మనవరాలు. సోమవారం పొద్దున నేను మైకు ముందు కూర్చోవాలి. ఆ రెండు రోజులూ నాకు మా నాయన తల్లి, మా అవ్వే గుర్తొచ్చింది. వార్తకూ బడికీ మధ్య ఇరుక్కోవడం మా ఇంటికి కొత్త కాదు.

మా అవ్వ చిన్నతనంలోనే మొగుణ్ణి సముద్రానికి ఇచ్చుకున్న మనిషి. తెల్లవారకముందు, మేము మబ్బున్నే అంటామే, ఆ వేళకే మగవాళ్ళు తెడ్లు భుజాన వేసుకొని ఒడ్డుకు పోయేవాళ్ళు. వేటకు పోయే మగవాడికి విధవ ఎదురు రాకూడదు. వెనక నుంచి ఎవరూ పిలవకూడదు. ఎక్కడికి అని అడగకూడదు. అందుకని అవ్వ ఆ వేళకు మా పూరింటి వెనక పంచలో, గోడ వైపు తిరిగి కూర్చొనేది. చివరి తెప్ప అలలు దాటిందని పిల్లలెవరైనా వచ్చి చెబితేగాని వీధిలోకి వచ్చేది కాదు. ఊరికే మాత్రం కూర్చొనేది కాదు. చీకట్లోనే వేళ్ళతో తడుముకుంటూ చిరిగిన వలలు ముడులు వేసేది. మా ఇంట్లో ఆ వాసనే ఎప్పుడూ ఉండేది, తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి ఆరేసిన నూలు వలల వగరు వాసన, దాని మీద ఎండుచేపల వాసన, దాని మీద కిరసనాయిలు. ఒక అగ్గిపుల్లతో పొయ్యీ దీపమూ రెండూ వెలిగించాలి. రెండో పుల్ల గీస్తే అవ్వ ఏమీ అనేది కాదు, చూసేది. ఆ చూపుకన్నా దెబ్బే నయం. ఇప్పుడు నా కోడలు నా చూపు గురించి అదే మాట అంటుంది.

నాయనకు అల కొట్టి మోకాలు విరిగింది. అతుక్కుంది గానీ వంగేది కాదు. వేటకు పనికిరాని మనిషికి పంచాయతీ వాళ్ళు రేడియో అప్పగించారు. పాళెంలో తలుపూ తాళమూ ఉన్నది బడి ఒక్కటే కాబట్టి ఆ పెట్టె బడిలోనే ఒక మూల బల్ల మీద ఉండేది. దాని నుంచి తీగ బయటికి పోయి, వాసానికి కట్టిన పెద్ద బాకాకు తగిలేది. కరెంటు లేదు, ఇటుకంత బ్యాటరీలతో నడిచేది. నాయన పొద్దు గుంకే ముందు తాళం తీసి, పైపంచెతో పెట్టె తుడిచి, మీట తిప్పేవాడు. కాసేపు ఏమీ పలికేది కాదు. వేడెక్కాక లోపల నుంచి దుమ్ము కాలిన వాసన వచ్చేది, ఆ తర్వాత మనిషి గొంతు. పల్లెవాళ్ళ కార్యక్రమం, ధరలు, ఒక పాట, వార్తలు, వాతావరణం. వార్తలయ్యాక ఒక్క క్షణం ఎక్కువ మోగనిచ్చేవాడు కాదు. “బ్యాటరీ అయిపోతే తుఫాను మనకు ఉత్తరం రాయదు,” అనేవాడు. నేను ఆ బల్ల కింద కూర్చొని వినేదాన్ని. ఊరంతా బాకాలో విన్నది నేను పెట్టె కడుపులో నుంచి విన్నాను.

ఇక ఆ బడి. పేరుకు బడేగాని మట్టిగోడలూ తాటాకు కప్పూ. దేవదానం అయ్యవారు అని ఒక్కడే పంతులు, అల్లూరు వైపు రైతుల ఊరి నుంచి వచ్చి మా మధ్యే గుడిసె వేసుకున్నాడు. ఆయనకు పై నుంచి జీతం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. దాన్ని నమ్ముకుంటే బడి నడవదని మావాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒడ్డున రెండు వరసలుగా నిలబడి అలివి వల లాగిన తర్వాత, ఇసుకలో చేపలు కుప్పలు పెట్టి పంచేటప్పుడు, దేవుడి వాటా, వల వాటా, మనుషుల వాటాల మధ్య బడి వాటా అని ఒక కుప్ప పక్కకు తీసేవాళ్ళు. దాంట్లో నుంచే అయ్యవారి తిండి, మధ్యాహ్నం పిల్లలకు పులుసు. ఆ పులుసు కోసమే సగం మంది వచ్చేవాళ్ళం, దాచడమెందుకు. వేట పడని రోజుల్లో కూడా ఎవరో ఒకరు గుప్పెడు ఎండు నెత్తళ్ళు బడి వాకిట్లో పెట్టి పోయేవాళ్ళు. పెట్టింది ఎవరో అయ్యవారు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం బాకా తుఫాను హెచ్చరిక చెప్పింది. జాలర్లు సముద్రంలోకి వెళ్ళవద్దంది. అయ్యవారు గుడిసె గుడిసెకూ తిరిగి, “పోవద్దయ్యా, పిల్లలు గలవాళ్ళు,” అని బతిమాలాడు. మావాళ్ళు ఆగిపోయారు. మరునాడు సముద్రం పళ్ళెంలో నీళ్ళలాగా ఉంది. గాలి ఎటో ఉత్తరానికి పోయిందట. మా కింది పాళెం వాళ్ళకు రేడియో లేదు, వాళ్ళు పోయారు. వాళ్ళకు పడిన వేట మోయడానికి గంపలు చాలక మా ఇళ్ళలో గంపలు అడగడానికి వచ్చారు. ఆ గంపలు ఇస్తున్నప్పుడు మా ఆడవాళ్ళ ముఖాలు నేను చూశాను. ఆ సీజనంతా మాకు అంత వేట మళ్ళీ పడలేదు.

మా పెద్దకాపు, అంటే పాళేనికి పెద్ద, ఇసుకలో పెద్దలను కూర్చోబెట్టి నాయననూ అయ్యవారినీ పిలిపించాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడకపోతేనే భయం.

“మబ్బున్నే పోయే మొగోడికి ఎదురు రాకూడని మాట, పొద్దుగూకాల ఊరందరి నెత్తినా అరుస్తా ఉండాది మీ పెట్టె. అపశకునం గాక ఇంగేంది అది? పాటలు పాడనీ. ధరలు చెప్పనీ. సముద్రం మాట దాని నోట్లో నుంచి రాకూడదు.”

“గవర్మెంటు చెప్పేది గద మామా,” అన్నాడు నాయన.

“గవర్మెంటు వల లాగద్దా? అబ్బయ్యా, బడీ పెట్టే ఒకే కప్పు కింద ఉండాయి. పెట్టె నోరు మూస్తే బడికి వాటా ఉంటాది. మూయకపోతే రెండూ ఎత్తుకొని అయ్యవారు అల్లూరు పోవచ్చు. ఏం జేస్తావో నువ్వే చెప్పు.”

నాయన అయ్యవారి వైపు చూశాడు. అయ్యవారు నేల వైపు చూశాడు. అక్కడే, గంగమ్మ మీద, తడి ఇసుక చేతిలో పట్టించి నాయనతో ఒట్టు వేయించారు. బాకా నుంచి గానీ, తన నోటి నుంచి గానీ, తన ఇంటి నోళ్ళ నుంచి గానీ సముద్రం వార్త రాదని. ఇంటి నోళ్ళలో నా నోరూ ఉంది. దీన్ని మావాళ్ళు దురాయి అంటారు. పెద్దకాపు వేసిన కట్టడి. దాన్ని దాటిన ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పలకరించరు. ఆ రోజు నుంచి వాతావరణం మొదలవుతుందనగానే నాయన బాకా తీగ ఊడదీసేవాడు. పెట్టె లోపల్లోపల సన్నగా గొణిగేది. మేము ముగ్గురం, నాయన, అయ్యవారు, బల్ల కింద నేను, విని నోరు మూసుకొనేవాళ్ళం. బడి నడిచింది. పులుసు ఉడికింది. నేను మూడు పోయి నాలుగుకు వచ్చాను.

రెండోసారి హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఆకాశంలో ఏమీ లేదు. కొంచెం ఉక్క, అంతే. పెట్టెలో గొంతు మాత్రం మా తీరం పేరు పెట్టి చెప్పింది, మరునాటి మధ్యాహ్నానికి అని చెప్పింది. అయ్యవారు లేచి తలుపు దాకా పోయి మళ్ళీ వచ్చాడు. “నేను చెబుతాను. ఒట్టు నాది కాదు గదా,” అన్నాడు. “నువ్వు చెప్పినా నేను చెప్పినట్టే సామీ. రేపు మళ్ళీ గాలి రాకపోతే? ముప్ఫయి మంది పిలకాయలు వీధిలో పడతారు,” అన్నాడు నాయన. “వస్తే?” అన్నాడు అయ్యవారు. నాయన మీట తిప్పి పెట్టె ఆపాడు. తలుపుకు తాళం వేశాడు. ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి.

అవ్వ సంకటి ముద్ద పెట్టి పులుసు పోసింది. నాయన చెయ్యి కడుక్కొని కూర్చొని, ముద్ద వైపు చూస్తూ ఉండిపోయాడు. మా ఇంట్లో మెతుకు వదలడం పాపం. ముద్ద ముట్టకుండానే లేచి వాకిట్లోకి పోయాడు. అమ్మ ఏమైందని అడగబోతే అవ్వ చేత్తో ఆపింది. నన్ను చూసింది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. అది చూసి అవ్వ, “చెప్పబాక. నిన్ను నేనేం అడగలా,” అని, ఆ ముద్ద తీసి మళ్ళీ కుండలో పెట్టి మూత వేసింది.

మబ్బున్నే మెలకువ వచ్చేసరికి వెనక పంచలో అవ్వ లేదు. వీధి వాకిట్లో ఉంది. తల స్నానం చేసి, తెల్లచీర బిగించి కట్టి, ఖాళీ కుండ చంకన పెట్టుకుంది. ఖాళీ కుండ ఇంకో అపశకునం. నేను కొంగు పట్టుకున్నాను, విదిలించలేదు. తెప్పలు నీళ్ళలోకి తోసే చోటికి పోయే దారి మధ్యలో పోయి నిలబడింది. ముందు వరసలో వస్తున్న నలుగురు చూసి నిలువునా ఆగిపోయారు.

“ఎవురది?”

“నేనేరా.”

“నీకేం పోయేకాలం ముసిల్దానా! మబ్బున్నే ఎదురొస్తావా?”

“సముద్రం చూద్దామని వచ్చినా నాయనా. మీ మామ పోయినకాణ్ణించి ఈ పూట సముద్రం చూళ్ళా.”

“చూసినావు గదా, ఇంగ పో!”

“చూడనీ అబ్బయ్యా. కళ్ళు మసక. నిదానంగా చూస్తా.”

ఎదురొస్తే మావాళ్ళు చేసేది ఒకటుంది. ఇంటికి పోయి, కాసేపు కూర్చొని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరతారు. తిట్టుకుంటూ పోయి అదే చేశారు. ఈసారి చుట్టు తిరిగి దిబ్బ పక్క నుంచి వచ్చారు. అవ్వ దిబ్బ పక్కనే ఉంది. మళ్ళీ తిట్లు, మళ్ళీ నీళ్ళు. మూడోసారికి తూర్పు తెల్లబడింది, ఒడ్డున ఊరి మగవాళ్ళందరూ పోగయ్యారు. “ఎత్తి ఇంట్లో పడేయండిరా ముండమోపిని,” అని ఒకడు అరిచాడు. “తాకితే ఇంకా చెడ్డరా. నువ్వు తాకు, చూద్దాం,” అన్నాడు ఇంకొకడు. ఎవరూ తాకలేదు. కొందరు నవ్వారు కూడా. నేను అవ్వ కొంగు ఇంకా వదల్లేదు. అవ్వ కుండను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

పెద్దకాపు వచ్చాడు. అవ్వను చూడలేదు, నా ముందు గొంతుకూర్చున్నాడు. పొగాకు వాసన నా ముఖానికి కొట్టింది.

“ఏమ్మే ఆదెమ్మా, మీ నాయన నిన్న ఇంట్లో ఏం చెప్పినాడు?”

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. తుఫాను అంటే బడి పోతుంది. ఏమీ లేదంటే వీళ్ళు పోతారు. నేను అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

“ఏం చెప్పలా. అన్నం తినలా.”

ఆయన అలాగే కూర్చొని సముద్రం వైపు చూశాడు. లేచి, “విధవరాలు మూడుసార్లు ఎదురొచ్చినాక ఇంగ వేటేందిరా. తెప్పలు పైకి లాగండి,” అన్నాడు. లాగి ఎప్పుడూ పెట్టే చోట పెట్టారు. “ఇంకా పైకి,” అన్నాడు. “అపశకునానికి అంత పైకి దేనికి మామా?” అని ఎవరో అడిగారు. “లాగమన్నా గదా. దిబ్బ దాటియ్యండి,” అన్నాడు.

మధ్యాహ్నానికి గాలి వచ్చింది. దాని సంగతి చెప్పడానికి నాకు చేతగాదు, చెప్పను. ఆడామగా పిల్లాజెల్లా చేతికి చెయ్యి కట్టుకొని, కాలువ గట్టు మీద నుంచి పడమటికి, రైతుల ఊరికి నడిచాం. నాయన రేడియో పెట్టెను టార్పాలిన్‌లో చుట్టి నెత్తిన పెట్టుకొని, వంగని కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. అమ్మ గంపతో పోతే లోపలికి రానివ్వక గేటు బయటే చేపలు కొనే ఒక పెద్ద రైతు భార్య, తన వడ్ల కొట్టు తలుపులు తీసి, బస్తాలు పక్కకు జరిపించి, మా తడి గుడ్డలతోనే మమ్మల్ని వడ్ల మీద కూర్చోబెట్టింది. తన చేత్తో గంజి పోసింది. మూడు రోజులు ఆ ఊరి పొయ్యిలు మాకోసం ఆరలేదు. ఇంకెన్నాళ్ళుంటారని ఒక్కరు అడగలేదు. ఆ కొట్టులో, పట్టపగలే కమ్ముకున్న చీకట్లో, అయ్యవారు పుస్తకం లేకుండా హాజరు పిలిచాడు. ఒక్కొక్క పేరూ పిలిచి, ఆగి, వినేవాడు. అన్ని పేర్లకూ జవాబు వచ్చింది. చివరి పేరు అయ్యాక ఆయన గోడకు తిరిగి ఏడ్చాడు.

తిరిగి వచ్చేసరికి బడికి కప్పు లేదు, గోడలు సగం కరిగిపోయాయి. రైతుల ఊరి నుంచి రెండు బండ్లలో తాటిదూలాలూ గడ్డీ వచ్చాయి, బడికే అని చెప్పి దించి పోయారు. మనుషులు బతికారు, దూలాలు వచ్చాయి, ఇక అంతా బాగుపడుతుందని నేను అనుకున్నాను. ఒక మధ్యాహ్నం పెద్దకాపు మా గుడిసె బయట నిలబడి, “అక్కా,” అని పిలిచాడు. అవ్వ, రైతులు ఇచ్చిన బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. నేను పలక పట్టుకొని గుంజ వెనక ఉన్నాను.

“ఊళ్ళో రెండు మాటలు నడస్తా ఉండాయక్కా.”

“ఏందవి?”

“ఒకటి, నీ కొడుకు ఒట్టు తప్పి నీకు చెప్పినాడని. ఇంగొకటి, నువ్వు ఎదురొచ్చినందుకే గాలి వచ్చిందని.”

“నువ్వేమంటావు?”

“నేననేది కాదక్కా. మొదటిది నిజమైతే బడికి వాటా ఉండదు. ఒట్టేయించినోణ్ణి నేనే, నేనెట్ట తప్పేది? రెండోది నిజమైతే...”

“దురాయి నా మీద.”

“ఇంటి మీద. సంవత్సరం.”

అవ్వ చేట తట్టింది. “బడికి కప్పెప్పుడు?”

“అమాస లోపల.”

“వాటా?”

“మొదటి వలనుంచే.”

“అయితే నేను ఎదురొచ్చినందుకే వచ్చిందిలే గాలి. పో.”

ఆయన పోలేదు. గుంజ వెనక నా వైపు చూసి, “ఈ బిడ్డ కూడా బడికి రాగూడదక్కా. ఇంటి మీద అంటే ఇంటి మీదే,” అన్నాడు. అవ్వ చెయ్యి బియ్యంలో ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది. “మిగతా పిలకాయలు పోతారు గదా,” అంది. అంతే. నన్ను పిలవలేదు, నా వైపు చూడలేదు. నా పేరు కూడా పలకలేదు.

బడికి కప్పు పడింది, వాటా మొదలైంది. మా గుడిసె నుంచి చూస్తే మధ్యాహ్నం బడి పొగ కనిపించేది. అవ్వ నీడ పడి గాలి వచ్చిందని నిజంగా నమ్మి, తమ ప్రాణాలు కాపాడిన మనిషిని చూసి ఉమ్మేసినవాళ్ళు ఉన్నారు. అవ్వ ఎందుకు ఎదురొచ్చిందో పెద్దకాపుకు తెలుసు, ఆయన చెప్పలేదు. రేడియో తాళం నాయన నుంచి తీసుకున్నారు. ఆ సంవత్సరమంతా నేను అవ్వ పక్కన పడుకోలేదు. దురాయి తీరిన రోజు అయ్యవారు వచ్చి, “రా అమ్మా,” అన్నాడు. అప్పటికి నేను అమ్మతో గంప మోయడం నేర్చాను, చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గు. పోలేదు. అందులో తప్పు ఇంకెవరి మీదా పెట్టను. అవ్వ చేసింది సరి అని నాకు తెలియడానికి నా పిల్లలు పుట్టాలి. ఒక్క మాట అడిగి ఉండవలసింది అన్న కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. అడిగితే బహుశా నేనూ సరే అనేదాన్ని. అది నా చేతులతో నేను ఇచ్చినట్టు ఉండేది.

ఇప్పుడు నేనూ మొగుడు పోయినదాన్నే. మబ్బున్నే ఒడ్డున నడుస్తాను, ఇంజను పడవల మీది కుర్రవాళ్ళు ఎదురొచ్చి, “ఏమవ్వా, టీ తాగినావా?” అంటారు. ఆ మార్పుకు గంగమ్మకు దండం. గాలి వార్త అందరి జేబుల్లోనూ మోగుతుంది. ఇచ్చే చెయ్యి కూడా పోలేదు, ఎవరికైనా ఆపరేషను అంటే జువ్వలదిన్నె రేవు నుంచి మా పాళెం దాకా ఇస్తారు. కాకపోతే బడికి ఒక ఫ్యాను ఇచ్చినవాడు మూడు రెక్కల మీదా పేరు రాయించుకుంటాడు, తన బిడ్డను మాత్రం ఆ ఫ్యాను కింద కూర్చోబెట్టడు. నేనూ కూర్చోబెట్టలేదు. ఊరిని అనే ముందు నన్ను నేను అనుకోవాలి.

ఆదివారం పొద్దు గుంకాక కోడలు శైలజతో సంగతి చెప్పాను. నేను ఏమనబోతున్నానో తెలిసి ముందే లేచింది. “అత్తా, ఊరికి చెప్పుకునేది రేడియోలో చెప్పుకోండి. నా కూతురి జోలికి రాబాకండి. మీకు బడి గొప్ప, నాకు నా బిడ్డ గొప్ప.” ఇంకో రోజైతే ఆ గొంతుకు నేనూ గొంతు పెంచేదాన్ని. ఆ రోజు గుంజ వెనక పలక పట్టుకున్న పిల్ల తరఫున ఎవరో మాట్లాడినట్టు వినిపించింది. “నేనేం చెప్పను. ఒక మాట అడుగుతా. నువ్వు కూడా ఇక్కడే కూర్చో,” అన్నాను. హాసిని బొమ్మకు రంగు వేస్తూ ఉంది. ఏడేళ్ళది. అంతా చెప్పాను, దాచకుండా. బస్సు ఉండదని చెప్పాను, నడవాలని, తోడు నేను వస్తానని. ఆ బడిలో మిగిలిన పిల్లల పేర్లు చెప్పాను. వాళ్ళలో ఇద్దరు దానికి తెలుసు, ఒకడితో పోట్లాట.

“నేను రానంటే బడి మూసేస్తారా, నాయనమ్మా?”

శైలజ నా ముఖం వైపు చూసింది. అవునంటే ఆ పిల్ల సరే అంటుంది. నాకు తెలుసు. దాని కళ్ళలో అప్పటికే కనిపిస్తూ ఉంది.

“మూస్తే మూస్తారు. అది నీ మీద లేదు. నీకు ఇష్టమా కాదా, అంతే నేనడిగేది.”

“ఆలోచించుకొని చెప్తా,” అని మళ్ళీ రంగు పెన్సిలు తీసుకుంది.

సోమవారం ఏడింటికి మైకు ముందు కూర్చొని బడి వార్త ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లలు ఎందరు మిగిలారో, చేరకపోతే ఏమవుతుందో, కాలువ ఎవరు దాటవలసి వస్తుందో చెప్పాను. నా మనవరాలు పచ్చ బస్సులో పోతుందనీ చెప్పాను. ఎవరికి ఏమనిపిస్తే అది చేయమన్నాను, గాని తెలిసి చేయమన్నాను. రెండు గదుల మధ్య అద్దం అవతల టీచరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మైకు ఆపి, ఫ్యాను ఆపి బయటికి వచ్చాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముఖం పాలిపోయి ఉంది.

“హాసిని ఏమంది?”

“ఆలోచిస్తా ఉండాది.”

“రొంత తొందరగా చెప్పమనండవ్వా. జూన్ వచ్చేస్తా ఉండాది.”

“అడిగిన తర్వాత కాచుకోవాల టీచరమ్మా,” అన్నాను.